పట్టా చూచిన చాలునా?

ప్రశ్న: ఆఫ్రికాలో భూమిహక్కులనుగూర్చి వ్రాయు విలేఖరులకు మొదట నేర్పవలసిన దేమి?

జవాబు: యుగాండానే చూడుడు. 1995 నాటి రాజ్యాంగము అచట సంప్రదాయభూమి, ఫ్రీహోల్డు, మైలో, లీజు అను నాలుగు పద్ధతులను గుర్తించినది. 1900 నాటి బుగాండా ఒడంబడికనుండి పుట్టిన మైలో భూములయందు పట్టాదారు డొకడును, తరతరములుగా సాగుచేయు కిబాంజా రైతు వేరొకడును ఉండుటచేతను, 1998 నాటి భూచట్టము ఆ రైతునకును రక్షణ నొసగుటచేతను, రిజిస్ట్రీకాగితము మాత్రమే చూచి వ్రాయు విలేఖరి సగము సత్యమునే వ్రాయును. కావున పట్టాతోపాటు బుసూలు అను శిస్తు రసీదులను, ఇరుగుపొరుగు సాక్ష్యమును, సరిహద్దు గుర్తులను పరిశీలించు అభ్యాసము ముందు కావలెను. హోటలుగదులలోని ఉపన్యాసములవలన ఈ విద్య అబ్బునని నేను నమ్మను. సంప్రదాయభూములలో భర్తృహీనయైన స్త్రీని మాత్రము బంధువులు లేనిచోట ప్రశ్నింపవలెను. పెద్దల సమక్షమున ఆమె చెప్పు మాట వేరుగా నుండవచ్చును.