మోటారు సైకిలు మొరాయించినపుడు

1955లో మద్రాసునందు కూర్పు మొదలైన ఎన్‌ఫీల్డు బుల్లెట్టు బండ్లలో పాతవి కొన్ని నేటికిని మన వీధులలో తిరుగుచున్నవి. ఎంత కిక్కు కొట్టినను ఇంజను కదలనపుడు పలువురు వెంటనే కార్బ్యురేటరును విప్పుదురు. అది తొందరపాటని మా అభిప్రాయము. మొదట స్పార్కు ప్లగ్గును తీసి చూడవలెను. దాని కొన పెట్రోలుతో తడిసియున్నచో ఇంధనము చేరుచున్నదనియు, లోపము నిప్పురవ్వలో నుండవచ్చుననియు గ్రహింపవలెను. పొడిగా నున్నచో ఇంధనమార్గమును వెదుకుదము.

రవ్వను పరీక్షించుటకు పెట్రోలు ట్యాపును కట్టి, ప్లగ్గును మరల తీగకు తగిలించి, దాని రంధ్రమునకు దూరముగా ఇంజను లోహమునకు ఆనించి కిక్కు కొట్టవలెను. రంధ్రమునుండి వెడలు ఆవిరి అంటుకొనినచో ముఖము కాలును. కావున, విద్యార్థులారా, పెద్దలు దగ్గర లేనిదే ఈ పనికి పూనుకొనరాదు. రవ్వ నీలముగా, చురుకుగా దూకినచో మేలు. ఎర్రగా, నీరసముగా నున్నచో కాంటాక్టు పాయింట్లను చూడవలెను. వాని ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లుండవలెను. అవి మాటిమాటికి కాలుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను.

ఇంధనము విషయమున ఒక వింత గలదు. బండి కొంతదూరము నడచి ఆగి, ట్యాంకు మూత తీయగనే మరల నడచినచో, మూతలోని గాలిరంధ్రము పూడినదన్నమాట! లోనికి గాలి చొరనిదే పెట్రోలు క్రిందికి జారదు. నేటి పెట్రోలులో కలియు ఇథనాలు నీటిని పీల్చుకొనును. నెలల తరబడి నిలిచిన బండిలో ఆ నీరు ఫ్లోటు గిన్నె యడుగున చేరును. గిన్నెను కడిగి, జెట్టును గాలితో ఊదవలెనే గాని సూదితో పొడువరాదు. రంధ్రము పెద్దదైనచో పెట్రోలు వృథాగా ఖర్చగును.