ఆఖరి నెలల వైద్యం: ఖర్చు ఎవరిది, అప్పు ఎవరిది?

బడిలో మేము చెప్పే వడ్డీ లెక్క ఒకటి ఇక్కడ వేస్తాం. రాజమండ్రిలో ఆటో నడుపుకునే అబ్బాయి తండ్రి ఆఖరి పది రోజుల ఐ.సి.యు. కోసం ప్రోనోటు రాసి 3 లక్షలు తెచ్చాడనుకుందాం. రెండు రూపాయల వడ్డీ, అంటే నూటికి నెలకు రెండు. నెలకు 6,000, ఏడాదికి 72,000. అసలులో ఒక్క రూపాయి తగ్గదు. వడ్డీ హరామని ఆ అబ్బాయికీ తెలుసు. ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడ్డవాడికి ఆ మాట చెప్పడానికి మాకు నోరు రాదు.

అదే వీధిలో కొడుకులు కువైట్‌లో బాగా సంపాదిస్తున్న ఇంటికి ఆ బిల్లు కొన్ని నెలల జీతం. ఇద్దరు తండ్రులూ పోయారు. ఒక ఇంట్లో దుఃఖమే మిగిలింది, రెండో ఇంట్లో దుఃఖంతోపాటు అప్పు కూడా.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) పేదవాడికి పెద్ద అండ, కాదనలేం. దేశం మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం జేబు నుంచి పోయేది 2014-15లో 62.6 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. అయితే ఈ పథకం ప్రధానంగా పట్టికలో ఉన్న చికిత్సలకు, ఆసుపత్రిలో చేరినవారికి. క్యాన్సరు ముదిరి ఇంటికి పంపేసిన మనిషికి నొప్పి మందులు, డైపర్లు, పుండ్లకు కట్టు, దగ్గరుండే కొడుకు పోగొట్టుకునే కూలి ఎవరి పద్దులో రాయాలి?

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తీవ్రంగా జబ్బుపడి, తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నారు. దైవప్రవక్త (స) ఒప్పుకోలేదు. సగమన్నా ఒప్పుకోలేదు. మూడో వంతు చాలు, అదీ ఎక్కువేనన్నారు. వారసులను చేయి చాచే స్థితిలో వదలడం కంటే కలిగినవారుగా వదలడం మేలని కారణం చెప్పారు. దానానికే ఇంత హద్దు ఉంటే, కోలుకునే ఆశ లేదని డాక్టరే చెప్పాక వెంటిలేటరుకు ఇల్లు తాకట్టు పెట్టడం గురించి ఒకసారి ఆలోచించాలి. వైద్యం మానమని మా ఉద్దేశం కాదు. బతికే అవకాశం ఎంత, ఖర్చెంత అని డాక్టరును సూటిగా అడగమంటున్నాం. అలా అడిగిన కొడుకును లోకం పిసినారి అంటుంది, అదొక బాధ.

నొప్పి తగ్గించడం కూడా వైద్యమే. 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ సంస్థ అడుగుజాడల్లో కేరళలో ఊరివాళ్ల చందాలతో, వాలంటీర్లతో ఇళ్లకే సేవ అందించే పద్ధతి పెరిగింది. మార్ఫిన్‌పై 1985 మత్తుమందుల చట్టం పెట్టిన చిక్కులను 2014 సవరణ చాలావరకు సడలించింది. మాత్రల ధర తక్కువే. గుర్తింపు ఉన్న ఆసుపత్రి, రాసే డాక్టరు దొరకడమే కష్టం.

ఇక జకాత్. ఖుర్ఆన్ (9:60) చెప్పిన ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులు ఒకరు. చనిపోయినవారి అప్పు జకాత్‌తో తీర్చవచ్చా అన్నదానిపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. పై ఉదాహరణలో ప్రోనోటు కొడుకు పేరిట ఉంది కాబట్టి అప్పు అతనిదే, స్తోమత లేకపోతే అతను నేరుగా అర్హుడు. స్థానిక ముఫ్తీగారిని సంప్రదించి ఈ పద్దు విడిగా తెరవాలని దాతలను కోరుతున్నాం. ఆపరేషనుకు చందా అడిగితే వెంటనే ఇస్తారు. జనాజా అయిన మూడో నెలలో వడ్డీకి అడిగితే ఎవరూ ఫోనెత్తరు. ఈ ఏడాది వైద్య నిధిలో కొంత భాగం మంచాలకు, నొప్పి మందులకు, ఇంటికొచ్చే నర్సు జీతానికి, మరికొంత ఇలాంటి ప్రోనోట్లకు కేటాయించమని కమిటీకి రాసి ఇచ్చాం.