కనబడీ కనబడని ఎస్‌ఎస్‌డి: ఒక్కొక్కటిగా సరిచూడండి



మా మనవరాలి స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు ఇంకా రెండు రోజులు ఉందనగా ఇంట్లో డెస్క్‌టాప్ మొరాయించింది. ఒకసారి ఆన్ చేస్తే ఎస్‌ఎస్‌డి కనబడేది, మరోసారి కనబడేది కాదు. మార్కుల పట్టీలు, ఆదాయ ధ్రువపత్రం స్కాన్లు అన్నీ అందులోనే! కొత్తది కొనేద్దామనుకున్నాను.

బ్యాంకులో లెక్క తేలనప్పుడు పద్దులన్నీ ఒకేసారి దిద్దేవాళ్ళం కాదు. ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చేవాళ్ళం. ఇక్కడా అదే పద్ధతి.

1. డ్రైవ్ కనబడిన వెంటనే ముఖ్యమైన ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే ఒప్పుకోవద్దు.

2. బయాస్‌లో చూడండి. అక్కడ ఉండి విండోస్‌లో లేకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో వెతకండి. బయాస్‌లోనే అప్పుడప్పుడూ మాయమైతే ముందు కేబుల్, పోర్టు, పవర్‌లను అనుమానించాలి.

3. కరెంటు ప్లగ్గు తీసి, సాటా డేటా, పవర్ కేబుళ్ళు రెండూ ఊడదీసి సరిగ్గా బిగించండి. తగ్గకపోతే డేటా కేబుల్, ఆ తర్వాత పోర్టు, ఆ తర్వాత పవర్ కనెక్టర్ మార్చండి. ఒక మార్పు, ఒక పరీక్ష.

4. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చాలా సాటా డ్రైవులకు సి7 అనే సీఆర్‌సీ లెక్క ఉంటుంది. అది పెరుగుతుంటే తరచుగా కేబుల్ దోషమే. పాత అంకె తగ్గదు. పెరగడం ఆగిందా అని చూడాలి.

5. అన్నీ మార్చినా తగ్గకపోతే డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించండి. అక్కడా అంతే అయితే లోపం డ్రైవ్‌దే.

మాది మూడో మెట్టులోనే తేలింది. దుమ్ము దులిపేటప్పుడు కేబుల్‌ను మడతపెట్టింది నేనే! దరఖాస్తు గడువులోగానే వెళ్ళింది.

సర్టిఫికెట్ల నకళ్ళు ఎప్పుడూ రెండు చోట్ల ఉంచుకోండి. శుభాశీస్సులు.