బనీను: ఒక పదం పుట్టుపూర్వోత్తరాలు

'బనీను' ఏ విధమైన పదమని అడిగితే విద్యార్థి తడుముకోకుండా 'అన్యదేశ్యం' అంటాడు. ఆ సమాధానానికి మార్కులు వేయక తప్పదు. కాని ఆ పదం నడిచివచ్చిన దారి తెలిసినవారికి అంతటితో తృప్తి కలుగదు.

దీనికి మూలం సంస్కృతంలోని 'వణిజ్' శబ్దం. వర్తకుడని అర్థం. మన 'వాణిజ్యం' దానినుండి ఏర్పడినదే. అది గుజరాతీలో 'వాణియో', హిందీలో 'బనియా' అయింది. వకారం బకారంగా మారడం వింత కాదు. కన్నడంలోని 'బణజిగ' ఇటువంటిదే. 16వ శతాబ్దంలో పడమటి తీరంలో వ్యాపారం చేసిన పోర్చుగీసువారు గుజరాతీ వర్తకులను 'బనియన్' అన్నారు. ఆ మాటనే ఆంగ్లేయులు అందుకొన్నారు. పారశీక తీరాన బందర్ అబ్బాస్ దగ్గర ఈ వర్తకులు ఒక మర్రిచెట్టు క్రింద చేరేవారట. మర్రికి ఇంగ్లీషులో ఆ పేరు అట్లా వచ్చింది.

ఇక వస్త్రం సంగతి. 17, 18 శతాబ్దాలలో ఇంగ్లండు సంపన్నులు ఇంటిపట్టున తొడిగే వదులైన పొడుగు అంగీని 'బనియన్' అనేవారు. మన దేశంలో ఉన్న ఆంగ్లేయులు లోచొక్కాకూ ఆ పేరే వాడారు. యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువును బట్టి, ఆ లోచొక్కా మొదట మస్లిన్‌తో చేసినది. వారి కాలానికే సాగే గుణం గల అల్లిక బట్టతో చేసినదానికి ఆ పేరు స్థిరపడింది.

నేతకూ అల్లికకూ గల భేదాన్ని ఇక్కడ గుర్తించాలి. మన పొందూరు ఖద్దరు నేత వస్త్రం. వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి, ఏకి, వడికిన సన్నని నూలు పడుగుగా, పేకగా ఒకదానినొకటి దాటుతూ బిగుసుకొంటుంది. అల్లికలో పడుగూ పేకా లేవు. ఒకే దారం ఉచ్చులో ఉచ్చుగా సాగిపోతుంది. ఆ ఉచ్చులు లాగితే విచ్చుకొని, వదలితే ముడుచుకొంటాయి. బొత్తాలు లేని బనీనును తలమీదుగా తొడుక్కోగలగడం అందువల్లనే. 1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ళు అల్లే యంత్రాన్ని నిర్మించిన తరువాత ఈ పని క్రమంగా చేతినుండి యంత్రానికి మారింది. బట్ట మారినా పాత పేరు మాత్రం దానిని వదలలేదు.

ఉర్దూ చదివే విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఉర్దూలో 'బనియాన్' అని వ్రాసే అక్షరాలనే అరబ్బీలో 'బున్యాన్' అని చదివితే కట్టడమని అర్థం. హ్రస్వాచ్చుల గుర్తులు సాధారణంగా వ్రాయరు కనుక రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. ఈ రెంటికీ చుట్టరికం లేదు. 'కమీజు' విషయం వేరు. అది అరబ్బీ 'కమీస్' నుండి వచ్చింది. దాని వెనుక లాటిన్ 'కమీసియా' ఉన్నదని భాషావేత్తలు చెబుతారు. ఫ్రెంచి 'షెమీజ్' దానికి తోబుట్టువు.

మరి బనీను తద్భవమా? కాదు. సంస్కృతప్రాకృతాల దారిన నేరుగా తెలుగులోకి రాలేదు కనుక అన్యదేశ్యమనే వ్రాయాలి. ప్రక్కనే 'వాణిజ్యానికి జ్ఞాతి' అని చేర్చిన విద్యార్థికి మాత్రం నేను ఒక మార్కు ఎక్కువ వేస్తాను. బనీను మాటను తీసివేసి 'అంతర్వస్త్రం' అని దిద్దే పండితమిత్రులు, తాము గెంటివేస్తున్నది ఎవరి బంధువునో ఒకసారి చూచుకోవాలి.

తమిళనాడులోని తిరుప్పూరులో ఈ పదం ఇంకా విస్తరించింది. అక్కడ అల్లిక బట్టతో టీషర్టులు కుట్టే కర్మాగారాన్ని కూడా జనం బనియన్ కంపెనీ అనే అంటారు.