కాంతి చెప్పే కొలత

మంచిర్యాల జిల్లాలోని మందమర్రి సింగరేణి బొగ్గుగనులకు పేరుపొందిన పట్టణం. భూగర్భ గనిలోకి దిగే కార్మికునికి టోపీదీపమే కన్ను. బొగ్గుగనులలో ఆ దీపాలను వెలిగించిన సీసపు బ్యాటరీలలో చిరకాలం సజల గంధకికామ్లం ఉండేది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఆమ్లం గాఢంగానూ, శక్తి తరిగినప్పుడు పలుచగానూ ఉంటుంది. పని నడుమ దీపం ఆరిపోకుండా ఉండాలంటే ఆ గాఢత ముందే తెలియాలి. దానిని తెలిపే సాధనాలలో కాంతి ఒకటి.

శూన్యంలో కాంతి వేగాన్ని ద్రవంలో దాని వేగంతో భాగిస్తే ఆ ద్రవపు వక్రీభవన గుణకం లభిస్తుంది. నీటికి ఇది 1.33, గ్లిజరిన్‌కు 1.47. బ్యాటరీ ద్రవంలో ఆమ్లం పాలు పెరిగితే గుణకమూ పెరుగుతుంది. కావున గుణకాన్ని కొలిచి గాఢతను గ్రహించవచ్చు.

ఈ కొలతకు దృశా తంతువు తోడ్పడుతుంది. వెంట్రుకవంటి ఈ గాజుపోగులో కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ ముందుకు సాగుతుంది. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, ఇటువంటి పోగుల కట్ట ద్వారా ప్రతిబింబాన్ని పంపే విధానాన్ని 1954లో లోకానికి వెల్లడించాడు.

పోగు మీది కవచాన్ని కొంతమేర తొలగించి ద్రవంలో ముంచితే, అక్కడ ద్రవమే కవచమవుతుంది. ద్రవపు గుణకం గాజు గుణకానికి చేరువయ్యేకొద్దీ కాంతి ఎక్కువగా వెలికి పోతుంది; ఆవలి కొనకు చేరేది తగ్గుతుంది. ఆ తరుగుదలయే కొలతకు ఆధారం. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, కృష్ణా విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర పరిశోధకులు రెండు పోగుల నడుమ ‘యు’ ఆకారపు గాజుకడ్డీని అమర్చి ఇటువంటి సాధనాన్ని రూపొందించారు. గుణకం తెలిసిన మిశ్రమాలతో ముందుగా రేఖాపటం గీస్తే, తెలియని ద్రవపు గుణకాన్ని దానినుండి చదువవచ్చు.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. ద్రవపు గుణకం గాజు గుణకాన్ని మించితే సంపూర్ణాంతర పరావర్తనం జరుగదు. ఉష్ణోగ్రత మారితే గుణకమూ మారుతుంది. కనుక దానినీ గమనించాలి.

అయినప్పటికీ గనివంటి చోట దీని విలువ గొప్పది. గాలిలో మీథేన్ సుమారు 5 నుండి 15 శాతం వరకు ఉంటే ఒక్క నిప్పురవ్వ పేలుడుకు చాలును. దీపపు మంటవల్ల కలిగే ఆ ముప్పును తగ్గించడానికే హంఫ్రీ డేవీ 1815లో రక్షణదీపాన్ని నిర్మించాడు. దృశా తంతువులో విద్యుత్తు ప్రవహించదు. స్వల్పకాంతి మాత్రమే పయనిస్తుంది. విద్యుత్ పరికరాన్ని సురక్షిత స్థలంలో ఉంచి, పోగును మాత్రమే కొలవవలసిన చోటికి పంపవచ్చు. శ్రామికుని ప్రాణానికి ముప్పు తేకుండా సాగే కొలతయే సార్థకమైన కొలత.