తగ్గని తామర – షుగరు – స్టెరాయిడ్లు

తామర అంటే మన హాస్టళ్లలో నవ్వులాట. ఒకే తువ్వాలు నలుగురం వాడతాం, ఒకే ట్యూబు గదులన్నీ తిరుగుతుంది. మైక్రోబయాలజీ చదువుతున్న మేము ఈ చిన్న జబ్బు గురించి రాయడానికి కారణం, కొందరి ఒంట్లో అది పెద్ద జబ్బుకు ఆనవాలు కావడమే.

కృష్ణా డెల్టాలో కాలువలకు నీళ్లు వదిలాక సార్వా నాట్లు మొదలవుతాయి. మన అమ్మలు, అక్కలు రోజంతా బురదలోనే ఉంటారు. కాలివేళ్ల సందులు నాని, తెల్లబడి, పగులుతాయి. అక్కడ శిలీంధ్రం, అంటే ఫంగస్ చేరుతుంది. మామూలు వారికి పొడిగా ఉంచి మందు రాస్తే తగ్గుతుంది. షుగరు ఉన్నవారి సంగతి వేరు. ఇన్సులిన్ అనే హార్మోను చాలకపోయినా, సరిగా పనిచేయకపోయినా రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. సూక్ష్మజీవులను మింగే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. గజ్జల్లో, చర్మం మడతల్లో కాండిడా అనే ఈస్టు పెరుగుతుంది. నరాలు మొద్దుబారితే వేళ్ల మధ్య పగులు ఉన్నట్టే తెలియదు. అందులోంచి బాక్టీరియా దూరి కాలు వాచి, ఒక్కోసారి వేలో పాదమో తీసేయవలసి వస్తుంది. కనుక మళ్లీ మళ్లీ వచ్చే తామరకు ట్యూబు మార్చడం కాదు, రక్తపరీక్ష చేయించాలి. పరగడుపున 126 మి.గ్రా. లేక అంతకు మించి రెండుసార్లు వస్తే షుగరు ఉన్నట్టే.

రెండో హార్మోను కార్టిసాల్. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు దీన్ని తయారుచేస్తాయి. ఇది మితిమీరితే ముఖం గుండ్రమై, చర్మం పలచబడి, శోభి, తామర సులువుగా పాకుతాయి. 1932లో హార్వే కుషింగ్ దీన్ని వివరంగా రాశారు కనుక ఆయన పేరే పెట్టారు. ఈ జబ్బు అరుదు. అరుదు కానిది, ఆ జాతి స్టెరాయిడును మనమే కొని రాసుకోవడం! దురదకని అడిగితే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాలో, బీటామెథసోనో కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద, ఎరుపు పోతాయి. శిలీంధ్రం చావదు, చుట్టూ పాకుతుంది. డాక్టరు చీటీ లేనిదే ఈ లేపనాలు అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. చీటీ అడిగిన షాపు మాకింకా తగల్లేదు. పైగా టెర్బినఫైన్ మందుకు తరచుగా లొంగని ట్రైకోఫైటన్ ఇండోటినియే అనే శిలీంధ్రం మన దేశంలో వ్యాపించింది. దానికి ఆ పేరు పెట్టింది 2020లో.

మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ట్యూబు మీది సన్న అక్షరాలు చదవవలసిందీ మేమే. సెలవులకు ఊరెళ్లినప్పుడు గూట్లో ఉన్న ట్యూబు తీసి ఆ రెండు పేర్లు వెతకండి. అయితే ఉబ్బసానికో, కీళ్లనొప్పులకో డాక్టరు ఇచ్చిన స్టెరాయిడు మాత్రలను మాత్రం ఉన్నట్టుండి ఆపించవద్దు, ప్రాణానికే ముప్పు.

తామర అవునో కాదో తేల్చడం తేలిక. పొట్టు కొంచెం గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే శిలీంధ్రపు పోగులు కనిపిస్తాయి. ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో అడగండి. వెళ్లేముందు ట్యూబు రాసుకోకండి, పోగులు దొరకవు.