ల్యాబ్ టెక్నీషియన్ కావాలనుకొనేవారికి



ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వారం రోజులలోనే విచారణ కార్యాలయానికి తల్లిదండ్రుల రాక మొదలవుతుంది. ఎం.బి.బి.ఎస్. సీటుకు చాలినంత ర్యాంకు రాలేదు, నర్సింగ్ అంటే పిల్లవాడికి ఇష్టం లేదు, మామూలు డిగ్రీ చదివిస్తే ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకం లేదు. "ఏదో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉందట గదా ఫాదర్, అందులో వేసేద్దామా?" అని అడుగుతారు. ఆ "ఏదో" అన్న మాట గురించి ఈ వారం కొంచెం వివరంగా చెప్పుకుందాం.

జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్తే డాక్టరుగారు నాడి చూస్తారు, నాలుగు ప్రశ్నలు అడుగుతారు, చీటీ రాసి ల్యాబుకు పంపుతారు. అక్కడినుండి తిరిగి వచ్చిన కాగితం మీది అంకెను నమ్మి మందు రాస్తారు. ఆ అంకె నిజమో కాదో తేల్చుకొనే దారి రోగికి లేదు. డాక్టరుకు కూడా చాలాసార్లు వెంటనే ఉండదు. న్యాయస్థానంలో సాక్షి మాటకు ఉన్నంత బరువు ఆ కాగితానికి ఉన్నది; పైగా ఆ సాక్షిని అడ్డుప్రశ్నలు వేసేవారు ఎవ్వరూ ఉండరు. పిల్లలను ఈ చదువులో చేర్చేముందు తల్లిదండ్రులు, చేరేముందు పిల్లలు, ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ముందుగా దారుల విషయం చూద్దాం. మన రెండు తెలుగు రాష్ట్రాలలోను పదవ తరగతి తరువాత ఇంటర్మీడియట్ ఒకేషనల్‌లో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు రెండేళ్ళు ఉన్నది. దాని తరువాత ఆసుపత్రిలో ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయాలి. ఆ ఏడాదిని "జీతం లేని చాకిరి" అనుకొని మధ్యలో వదిలేసే పిల్లలు ఉన్నారు. పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్‌కు వెళ్ళిన రోజున గాని దాని విలువ తెలియదు. ఇంటర్ బై.పి.సి. చదివినవారికి డి.ఎం.ఎల్.టి. అనే రెండేళ్ళ డిప్లొమా ఉన్నది. బి.ఎస్సీ. ఎం.ఎల్.టి. చేయదలిస్తే ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు పడుతుంది. స్తోమత ఉన్నవారికి డిగ్రీయే మేలని నా అభిప్రాయం. పై చదువులకు దారి మూసుకుపోదు.

2021లో పార్లమెంటు ఈ వృత్తులన్నింటికీ కలిపి ఒక చట్టం చేసింది. దాని ప్రకారం డిప్లొమా స్థాయి చదువు కనీసం 2000 గంటలు ఉండాలి, అది రెండేళ్ళకు తగ్గకుండా సాగాలి. బస్టాండు గోడల మీద "ఆరు నెలలలో ల్యాబ్ టెక్నీషియన్, ఉద్యోగం గ్యారంటీ" అన్న పోస్టర్లు చూస్తుంటాం. రోజుకు ఆరు గంటల చొప్పున, నెలకు 25 రోజులు ఒక్కటి కూడా మానకుండా చదివినా ఆరు నెలలకు అయ్యేది 900 గంటలు. లెక్క మీరే వేసుకోండి. అప్పు చేసి ఫీజు కట్టిన కూలి కుటుంబాలు ఇటువంటి చోట మోసపోవడం నేను చూశాను. కళాశాలకు పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్నదో లేదో ఫీజు కట్టక ముందే విచారించండి. కట్టిన తరువాత విచారించి ప్రయోజనం లేదు.

ఇక చదువులోకి వద్దాం. బయటివారికి ల్యాబ్ అంటే మైక్రోస్కోపు, యంత్రాలు గుర్తుకు వస్తాయి. కాని అసలు శిక్షణ సూది గుచ్చడానికి ముందే మొదలవుతుంది. "మీ పేరు మరియమ్మేనా?" అని అడిగితే, నిద్రమత్తులో ఉన్న ముసలమ్మ పేరు సుబ్బమ్మ అయినా "ఆఁ" అంటుంది. అందుకే "మీ పేరు చెప్పండమ్మా" అని అడగడం నేర్పుతారు. మన ఊళ్ళలో ఒక్క వార్డులోనే ముగ్గురు మరియమ్మలు ఉంటారు గనుక పేరుతో సరిపెట్టక వయస్సు, ఆసుపత్రి నంబరు కూడా చూడాలి. రక్తం తీసిన వెంటనే, ఆ మంచం పక్కనే నిలబడి ట్యూబు మీద పేరు రాయాలి. అయిదారుగురి రక్తం తీసి, ట్యూబులన్నీ జేబులో వేసుకొని, ల్యాబుకు వెళ్ళి తీరికగా రాసేవాడు ఎంత చదివినా ప్రమాదకరమైన మనిషే.

దీనికి ఒక కారణం ఉన్నది. రక్తం గ్రూపు చూసేటప్పుడు రెండు విధాల పరీక్ష చేస్తారు. రోగి ఎర్రకణాలను యాంటీ-ఎ, యాంటీ-బి అనే ద్రవాలతో కలిపి ఎక్కడ గడ్డకట్టినట్టు గుంపులవుతాయో చూడడం ఒకటి. రోగి సీరంను ముందే గ్రూపు తెలిసిన ఎ, బి కణాలతో కలిపి చూడడం రెండవది. రెండూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే రిపోర్టు ఇవ్వకూడదు. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ఈ గ్రూపులను వెల్లడించాడు. ఆ పనికి 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత పకడ్బందీ పద్ధతి కూడా ఒక తప్పును పట్టుకోలేదు. ట్యూబులు తారుమారైతే రెండు పరీక్షలూ చక్కగా ఒకే మాట చెబుతాయి, అది మరొకరి గ్రూపు అవుతుంది. ఆ గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణం పోవచ్చు.

ట్యూబుల రంగుల గురించి కూడా తెలుసుకోవాలి. ఊదారంగు మూత ట్యూబులో ఇ.డి.టి.ఎ. అనే ఉప్పు ఉంటుంది. అది రక్తంలోని కాల్షియంను పట్టివేసి గడ్డకట్టకుండా ఆపుతుంది. ఆ ఉప్పులో పొటాషియం ఉన్నది. తొందరలో ఊదా ట్యూబులోని రక్తాన్ని కొంచెం ఎర్రమూత ట్యూబులోకి వంపితే, ఆ రోగికి పొటాషియం విపరీతంగా పెరిగినట్టు, కాల్షియం పడిపోయినట్టు రిపోర్టు వస్తుంది. గుండె ఆగిపోతుందేమోనని డాక్టరు కంగారుపడతాడు. రోగి మాత్రం మంచం మీద కూర్చొని ఇడ్లీ తింటూ ఉంటాడు. ఏ ట్యూబు తరువాత ఏ ట్యూబు నింపాలో ఒక వరుస ఉన్నది. దానిని విద్యార్థులు అర్థం తెలియకుండా బట్టీ పడతారు. అర్థం ఇది.

బూడిదరంగు మూత ట్యూబు చక్కెర పరీక్షకు. అందులోని ఫ్లోరైడ్ రక్తకణాలు చక్కెరను తినివేయకుండా అడ్డుకుంటుంది. మామూలు ట్యూబులో పోసి వేరుచేయకుండా ఉంచితే చక్కెర గంటకు నూటికి 5 నుండి 7 వంతుల చొప్పున తగ్గిపోతుంది. ఊరిలో పరగడుపున తీసిన రక్తం మూడు గంటల తరువాత పట్నం చేరిందనుకోండి, 140 ఉన్న చక్కెర 115 దగ్గర కనబడవచ్చు. పరగడుపున 126 దాటితే మధుమేహం అంటారు. అంటే జబ్బు ఉన్న మనిషికి "నీకు చక్కెర వ్యాధి లేదు" అని కాగితం ఇచ్చి పంపామన్నమాట. అతడు సంతోషంగా ఇంటికి వెళ్ళి రెండేళ్ళ తరువాత కాలిపుండుతో తిరిగి వస్తాడు.

మైక్రోస్కోపు విషయానికి వస్తే, మన తెలుగునేల మీదనే జరిగిన ఒక సంఘటన చెప్పాలి. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టను కోసి, దాని గోడలో మలేరియా క్రిమి గుర్తులను చూశాడు. అంతకు రెండేళ్ళుగా ఆయన దోమలను కోస్తూనే ఉన్నాడు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేయించుకోలేదు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. ఆ దోమలకు తన చేతిని అప్పగించిన రోగి పేరు హుసేన్ ఖాన్. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చేసిన పని ప్రధానంగా ఏమిటి? కనబడని రోజున "కనబడలేదు" అని రాసుకోవడం, మరునాడు మళ్ళీ చూడడం.

గురువిద్యాలయంలో తర్కశాస్త్రం చదివేటప్పుడు "లేదు" అన్న మాటకూ "కనబడలేదు" అన్న మాటకూ మధ్య ఉన్న దూరం గురించి చాలా గంటలు వాదించుకొనేవాళ్ళం. అప్పుడు అది కాలక్షేపంలాగే ఉండేది. ల్యాబులో ఆ తేడాకు అంకె కట్టారు. క్షయ అనుమానంతో తెచ్చిన కళ్ళె స్లైడును కార్బల్ ఫుక్సిన్‌తో వేడిచేసి, ఆమ్లంతో రంగు కడిగి, మెథిలీన్ బ్లూ వేసి చూస్తే క్షయ సూక్ష్మజీవులు నీలి నేపథ్యంలో ఎర్రటి సన్నపుల్లలుగా కనిపిస్తాయి. అవి లేవని చెప్పాలంటే కనీసం 100 ఫీల్డులు, అంటే కటకం కింద స్లైడును 100 చోట్ల జరిపి చూడాలి. ముప్పై చూసి "నెగటివ్" అని రాసినవాడు కాగితం మీద పట్టుబడడు. పక్కవాడికి కూడా తెలియదు. దగ్గుతున్న మనిషి మాత్రం ఇంటికి వెళ్ళి మనవడిని ఒడిలో కూర్చోబెట్టుకుంటాడు. ఇప్పుడు క్షయకు సి.బి.నాట్, ట్రూనాట్ వంటి పరికరాలు వచ్చాయి, చాలా మేలు జరిగింది. అయినా స్లైడు చూసే కన్ను అవసరం తీరిపోలేదు.

"అంతా యంత్రాలే చేస్తుంటే ఈ పాత పద్ధతులు నేర్చుకోవడం ఎందుకు?" అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డెంగ్యూ రోజులు గుర్తు తెచ్చుకోండి. ప్లేట్‌లెట్లు ఇరవై వేలని కాగితం వస్తే ఇంటిల్లిపాది దాతల కోసం పరుగులు తీస్తారు. కొందరి రక్తంలో ఇ.డి.టి.ఎ. తగలగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కొని గుంపులవుతాయి. ఆ గుంపును యంత్రం ప్లేట్‌లెట్లుగా లెక్కించదు. స్లైడు మీద రక్తపు చుక్కను పలుచగా సాగదీసి, లీష్మన్ రంగు వేసి చూసే ఓపిక ఉన్న టెక్నీషియన్‌కు ఆ గుంపులు కనిపిస్తాయి. అతడు సిట్రేట్ ట్యూబులో మళ్ళీ రక్తం తీసి లెక్కిస్తే అసలు సంఖ్య బయటపడుతుంది. యంత్రం చెప్పినదాన్ని నమ్మాలా వద్దా అన్నది యంత్రం చెప్పదు గదా!

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మంచి ల్యాబులో ప్రతి ఉదయం రోగుల రక్తం కంటే ముందు, విలువ ముందే తెలిసిన కంట్రోల్ సీరంను యంత్రంలో పెట్టి చూస్తారు. వచ్చిన అంకెను ఒక పటం మీద చుక్కగా పెడతారు. 1950లో లెవీ, జెన్నింగ్స్ అనేవారు ఈ పటాన్ని ల్యాబులకు తెచ్చారు, వారి పేరుతోనే పిలుస్తారు. చుక్క హద్దు దాటితే ఆ రోజు ఆ పరీక్ష ఆపి కారణం వెతకాలి. కాని బయట అరవైమంది వేచి ఉంటారు. యజమాని గడియారం చూస్తుంటాడు. కంట్రోల్ సీరం ఖరీదైనది. నిన్నటి అంకెనే కొంచెం మార్చి రాసేస్తే ఏమవుతుంది? ఇంకా దిగజారితే, రక్తాన్ని పక్కన పోసి, రోగి ముఖం చూసి, కుర్చీలో కూర్చొని "నార్మల్" అంకెలు రాసే ల్యాబులు కూడా ఉన్నాయని ఈ వృత్తిలో ఉన్నవారే చెబుతారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్ల, మొదటి ఉద్యోగం, ఇంటి దగ్గర అప్పు. ఆ పిల్ల "సార్, ఈ రోజు ఈ పరీక్ష ఇవ్వలేం" అని అనగలదా? ఏ పుస్తకమూ ఆ ధైర్యాన్ని సొంతంగా ఇవ్వలేదు. కాని రెండేళ్ళూ ప్రతి ఉదయం ఆ పటం మీద చుక్క పెట్టించి, హద్దు దాటిన రోజున పని ఆపించిన గురువు దగ్గర చదివిన పిల్లకు, ఆపడం అన్నది కొత్త సంగతిగా ఉండదు. అటువంటి గురువు లేనిచోట చదివిన పిల్ల ఆపడాన్ని ఎన్నడూ చూసి ఉండదు.

కాబట్టి కళాశాల చూడడానికి వెళ్ళినప్పుడు భవనం, బస్సు, యూనిఫారం చూసి మురిసిపోకండి. ల్యాబ్ ఏ ఆసుపత్రికి అనుబంధమో, రోజుకు ఎన్ని శాంపిళ్ళు వస్తాయో అడగండి. రెండవ సంవత్సరం విద్యార్థిని పక్కకు పిలిచి, "బాబూ, నీ చేతితో ఇప్పటివరకు ఎంతమందికి రక్తం తీశావు? ఎన్ని స్లైడులు నువ్వే రంగు వేశావు?" అని నెమ్మదిగా అడగండి. మా ప్రాంతంలో ఒక కళాశాలలో ముప్పైమంది విద్యార్థులకు ఒకే మైక్రోస్కోపు, అది కూడా బీరువాలో. పరీక్షల ముందు మాత్రమే తీస్తారు. అక్కడ చదివిన పిల్లలు తెలివితక్కువవారు కారు. కాని వారిని ఉద్యోగంలో చేర్చుకొన్న ఆసుపత్రి రోగుల చేతుల మీదనే వారికి శిక్షణ ఇవ్వవలసి వస్తున్నది.

చేరాలని నిశ్చయించుకొన్నవారికి ఇంకొక్క సంగతి. ప్రాక్టికల్స్ మొదలుకాక ముందే హెపటైటిస్-బి టీకా మొదలుపెట్టండి. మొదటి డోసు వేయించుకొన్న తరువాత నెలకు రెండవది, ఆరవ నెలలో మూడవది. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకూడదు. ఆ ప్రయత్నంలో చాలామందికి గుచ్చుకొంటుంది. సూదిని గుచ్చుకోని గట్టి తెల్లడబ్బాలోనే వేయాలి. 2016 నాటి వ్యర్థాల నిబంధనలలో ఆ రంగు వాటికే కేటాయించారు. గుచ్చుకొంటే దాచవద్దు. సబ్బుతో నీళ్ళధార కింద కడుక్కొని ఆ నిమిషమే పైవారికి చెప్పండి. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు గంటలలో మొదలుపెడితేనే పనిచేస్తాయి. 72 గంటలు దాటితే ఇవ్వరు.